లిథియాన్ని తవ్వుతారా, నీటి నుంచి తీస్తారా?

రెండు పద్ధతులూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని గ్రీన్‌బుషెస్ గనిలో తవ్విన స్పోడుమీన్ ఖనిజాన్ని శుద్ధి కర్మాగారాల్లో సుమారు 1,050 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో లిథియాన్ని వేరుచేస్తారు. చిలీలోని అటకామా ఎడారిలో మాత్రం భూగర్భంలోని ఉప్పునీటిని తోడి, మన ఉప్పు మడుల తరహాలోనే, ఏడాదికి పైగా ఎండబెడతారు. మొదట మామూలు ఉప్పు, తర్వాత పొటాషియం లవణాలు అడుగున పేరుకుపోగా, చివరికి మిగిలే పసుపుపచ్చని చిక్కటి ద్రావణంలో లిథియం దాదాపు 6 శాతానికి చేరుతుంది. అందులోంచి బోరాన్, మెగ్నీషియంలను తొలగించి సోడియం కార్బొనేట్ కలిపితే, లిథియం కార్బొనేట్ తెల్లని పొడిగా విడిపోతుంది. ఇంధన ఖర్చు తక్కువే గాని, ఎడారిలో అంత నీరు ఆవిరైపోవడం తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. ఈ పొడి ప్రధానంగా బ్యాటరీల తయారీకి, కొంత గాజు, పింగాణీ పరిశ్రమలకు వెళుతుంది. బైపోలార్ రుగ్మతకు వైద్యులు ఇచ్చే మందు కూడా రసాయనికంగా ఇదే.