తాళం లోపల, మనం బయట

ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: కారు తాళంచెవి లోపల ఉండిపోయింది, డోర్లన్నీ లాక్ అయిపోయాయి. డోర్ లాకులు, అద్దాల పనే నా వృత్తి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: రిమోట్‌తో అన్‌లాక్ చేసి, డిక్కీలో సామాను సర్దుతూ తాళంచెవి సంచి మీద పెట్టి మూత వేసేశాను. ముందుకొచ్చి చూస్తే నాలుగు డోర్లూ లాక్ అయి ఉన్నాయి. జనం పోగయ్యారు. ఒకాయన స్టీలు స్కేలు తెచ్చి అద్దం పక్కనుంచి దూర్చి చాలాసేపు కెలికాక డోర్ వచ్చింది. కానీ అప్పట్నుంచి ఆ అద్దం సగం దాకే దిగుతోంది, వాన పడితే కాళ్ల దగ్గర నీళ్లు చేరుతున్నాయి. అన్‌లాక్ చేసిన బండి దానంతటదే ఎలా లాక్ అయింది? నేను ఏం చేసి ఉండాల్సింది?

జవాబు: లాక్ అవడం బండి లోపం కాదండీ, దాన్ని అలాగే తయారుచేశారు. రిమోట్ నొక్కాక కాసేపటిదాకా, చాలా బళ్లలో అర నిమిషం అటూ ఇటూగా, ఏ డోరూ తెరుచుకోకపోతే జేబులో బటన్ పొరపాటున నొక్కుకుందని బండి అనుకుంటుంది, మళ్లీ లాక్ చేసేసుకుంటుంది. కొన్ని బళ్లు డిక్కీ తీయడాన్ని డోర్ తీసినట్టుగా లెక్కలోకి తీసుకోవు. మీ విషయంలో జరిగింది అదే. సామాను సర్దేటప్పుడు ముందు డ్రైవర్ డోర్ ఒకసారి తీసి పెట్టుకుంటే ఈ ఇబ్బంది రాదు.

ఇక స్కేలు సంగతి. పాత కార్లలో డోర్ పైన కనిపించే నాబ్ నుంచి లోపలి లాక్ దాకా ఒక సన్నటి ఇనప కడ్డీ ఉండేది. అద్దానికీ బీడింగ్‌కీ మధ్యనుంచి స్కేలు దింపి ఆ కడ్డీని పట్టుకుంటే పని అయిపోయేది. అప్పుడు చూసినవాళ్లు ఇప్పటికీ అదే చేస్తారు. ఇప్పటి బళ్లలో చాలావాటికి కడ్డీ బదులు తొడుగులో నడిచే కేబుల్ వస్తోంది, లాక్ చుట్టూ అడ్డంగా కవచం ఉంటోంది. పైగా ఆ ఇరుకులోనే అద్దం నడిచే ఛానెల్, దాన్ని ఎత్తే రెగ్యులేటర్, మోటారు వైర్లు, స్పీకర్ వైర్లు ఉంటాయి. కొన్నింటిలో పక్క ఎయిర్‌బ్యాగ్‌కి గుద్దుడు తెలిపే సెన్సార్ కూడా డోర్ లోపలే ఉంటుంది. కంటికి కనపడని చోట ఇనప బద్దతో వెతకడం ఎంత ప్రమాదమో మీరే చూశారు.

మీ డోర్‌లో అద్దం ఛానెల్ పక్కకు వంగి ఉండొచ్చు, లేదా అద్దాన్ని పట్టుకునే క్లిప్ ఊడి ఉండొచ్చు. బాగుచేయించేదాకా ఆ స్విచ్ నొక్కకండి, మోటారు కాలిపోతుంది. నీళ్ల కారణం వేరు. వాననీళ్లు ప్రతి కారు డోర్‌లోకీ దిగుతాయి, అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. అవి కారు లోపలికి రాకుండా డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. స్కేలు ఆ పొరను చీల్చేసి ఉంటుందని నా అనుమానం. ప్యాడ్ విప్పించి ఆ పొర, కింది రంధ్రాలు, అద్దం అడుగున ఉండే రబ్బరు బీడింగ్ మూడూ చూపించండి.

ఏం చేయాల్సిందని అడిగారు. ముందు బండి చుట్టూ తిరిగి అన్ని డోర్లూ, డిక్కీ, అద్దాలూ చూసుకోవాలి. కంగారులో ఒక్క డ్రైవర్ డోరే లాగి చూసి ఫోన్ చేసేవాళ్లు చాలామంది. తర్వాత ఇంట్లో స్పేర్ కీ ఎవరు తేగలరో ఆలోచించాలి. వాళ్లు రావడానికి గంట పట్టినా సరే, డోర్ విప్పే ఖర్చు కన్నా అదే నయం. బీమాతో పాటు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకున్నారేమో చూసుకోండి, చాలా పథకాల్లో ఈ సాయం కూడా ఉంటుంది. అదీ లేకపోతే లాక్ మెకానిక్‌ని పిలవండి.

పని తెలిసినవాడు ఎలా చేస్తాడో చెబుతాను, దగ్గరుండి గమనించుకోవచ్చు. డోర్ పైన వెనక మూలలో రంగు గీసుకుపోకుండా టేప్ అంటిస్తాడు. అక్కడ ఒక ప్లాస్టిక్ చీల దూర్చి, ఆ సందులోకి గాలి లేని చిన్న సంచి జారుస్తాడు. బీపీ చూసే పరికరానికి ఉన్నట్టే దానికీ రబ్బరు బుడ్డి ఉంటుంది. దాన్ని నెమ్మదిగా ఒత్తుతూ, మధ్యమధ్య ఆగి డోర్ ఫ్రేమ్ చూసుకుంటూ, కడ్డీ పట్టేంత సందు రాగానే ఆపేస్తాడు. చివర రబ్బరు తొడుగున్న పొడవాటి కడ్డీ లోపలికి పంపి అన్‌లాక్ బటన్ నొక్కుతాడు, లేదా లోపలి హ్యాండిల్ లాగుతాడు. ఇందులో కష్టమంతా ఎక్కడ ఆపాలో తెలియడంలోనే ఉంది. గాలి ఎక్కువైతే ఫ్రేమ్ బయటికి వంగిపోతుంది, తర్వాత వేగంగా వెళ్లినప్పుడల్లా ఆ మూలనుంచి గాలి ఈల వేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో ఎత్తడమైతే అసలు ఒప్పుకోవద్దు.

అన్ని బళ్లకీ ఈ పద్ధతి పనికిరాదు. కొన్ని కార్లలో రిమోట్‌తో లాక్ చేస్తే డెడ్‌లాక్ పడుతుంది, లోపలి హ్యాండిల్ లాగినా డోర్ రాదు. అలాంటివి తాళం రంధ్రం వైపునుంచే తీయాలి. అందుకే మెకానిక్ రాగానే ఎక్కణ్ణుంచి తీస్తాడో అడగండి. బండి మీదేనా అని అతను కాగితాలు అడిగితే నొచ్చుకోకండి. అడగనివాడి గురించే ఆలోచించాలి.

ప్రశ్న: మా మనవడికి రెండేళ్లు. కారులో కూర్చోబెట్టి డోర్ వేశాను, వాడి చేతిలో తాళంచెవి ఉందని చూసుకోలేదు. బటన్ నొక్కేశాడు. అదృష్టం కొద్దీ కాసేపటికి వాడే మళ్లీ నొక్కితే తెరుచుకుంది. ఆ టెన్షన్ ఇంకా పోలేదు. మళ్లీ అలా జరిగితే ఏం చేయాలి?

జవాబు: అమ్మా, లోపల పసివాడుంటే పై జవాబంతా పక్కన పెట్టేయండి. తాళం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఎండలో మూసి ఉన్న కారు లోపల పది నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. పెరిగే వేడిలో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే ఎక్కేస్తుంది. అద్దం కొంచెం దించి ఉంది కదా అని ధైర్యపడకండి, దానివల్ల పెద్ద తేడా ఉండదు. చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకన్నా మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. ఒంటి వేడి 40 డిగ్రీలకు చేరితే వడదెబ్బ ప్రాణం మీదకి వస్తుంది.

ఒకరు వెంటనే అత్యవసర నంబరుకి ఫోన్ చేసి, కారులో పిల్లవాడు ఉండిపోయాడని మొదటి మాటగా చెప్పాలి. ఇంకొకరు అద్దం దగ్గర వాడికి కనపడేలా నిలబడాలి. అరవకండి, అద్దం బాదకండి, ఏడుపు అందుకుంటే వాడు ఏమీ వినడు. తాళంచెవి వాడి చేతిలోనే ఉంటే, మీరు అలాంటి వస్తువే ఒకటి పట్టుకుని నొక్కి చూపించండి, ఆటలా చేయండి. దీనికి ఒకటి రెండు నిమిషాలు చాలు. వాడు నీడలో, చల్లగా, హుషారుగా ఉంటే కళ్లు తిప్పకుండా సాయం వచ్చేదాకా ఆగవచ్చు. ఎండలో ఉన్నా, మొహం ఎర్రబడినా, ఏడ్చేవాడు ఉన్నట్టుండి ఊరుకుని మగతగా ఉన్నా, పిలిస్తే పలకకపోయినా అద్దం పగలగొట్టేయండి.

ఏ అద్దమన్నది ముఖ్యం. ముందు అద్దం వద్దు. అది రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసినది, నెర్రెలిస్తుందే గాని దారి ఇవ్వదు. పక్క డోర్ల అద్దాలు మామూలుగా టెంపర్డ్ రకం, పగిలితే చిన్న చిన్న ముక్కలైపోతాయి. కొన్ని కార్లలో పక్కవి కూడా పొర ఉన్నవే ఉంటాయి, అద్దం మూలన టెంపర్డ్ అనో లామినేటెడ్ అనో ముద్ర ఉంటుంది. మీ కారుకి ఏది ఉందో ఇవాళే చూసి పెట్టుకోండి. పిల్లవాడికి దూరంగా ఉన్న డోర్ ఎంచుకోండి. అద్దం మధ్యలో కొడితే ఎగిరొస్తుంది గాని పగలదు, కింది మూలలో కొట్టాలి. మొన ఉన్న గట్టి వస్తువు కావాలి: సుత్తి, వీల్ స్పానర్, కోసుగా ఉన్న రాయి. మోచేత్తో కొట్టకండి. చేతికి గుడ్డ చుట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని ఒక్కచోటే బలంగా కొట్టండి. వెనకవైపు చిన్న ముక్కోణం అద్దం చవకని చాలామంది దాన్ని కొడతారు. చాలా కార్లలో అది అతికించినది, మార్చడానికి పెద్ద అద్దం కన్నా ఎక్కువే అవుతుంది, పైగా అక్కణ్ణుంచి చెయ్యి లాక్ దాకా అందదు.

బయటికి తీశాక నీడకి తీసుకెళ్లి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడుపుతూ విసరండి. మగతగా ఉంటే నోట్లో నీళ్లు పోయకండి. బాగానే కనిపించినా డాక్టర్‌కి చూపించండి.

ఇంజిన్ నడుస్తూ ఏసీ ఆన్‌లో ఉండగా లాక్ పడితే కాస్త సమయం దొరికినట్టే, కానీ ఇంజిన్ ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం కాబట్టి సాయానికి ఫోన్ చేయడం ఆపకండి. బండి మూసిన గ్యారేజీలో ఉంటే ముందు గ్యారేజీ తలుపు బారుగా తెరవండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలియకుండానే మత్తులోకి దించి చంపేస్తుంది.

అద్దం ఖర్చు గురించి ఆలోచిస్తూ నిలబడిపోయిన పెద్దవాళ్లని నేను చూశాను. అద్దాలు వేయడం నా పని, మీ కారుకి కొత్త అద్దం ఒక పూటలో వేసేస్తారు. దయచేసి ఆగకండి.

ప్రశ్న: మాది స్మార్ట్ కీ ఉన్న కారు. కీ లోపలుంటే లాక్ కాదని కొన్నప్పుడు చెప్పారు. మొన్న హ్యాండ్‌బ్యాగ్ డిక్కీలో పెట్టి మూశాను, కీ అందులోనే ఉంది, కారు లాక్ అయిపోయింది. ఎలా?

జవాబు: వాళ్లు చెప్పింది మామూలు పరిస్థితుల్లో నిజమే. కారు లోపల చిన్న యాంటెన్నాలు కీ ఎక్కడుందో వెతుకుతుంటాయి. కీ ల్యాప్‌టాప్ కిందో రేకు డబ్బాలోనో ఉన్నా, దాని బ్యాటరీ నీరసించినా ఆ వెతుకులాటకి దొరకదు, అప్పుడు కారు అది లోపల లేదనే అనుకుంటుంది. చాలా కీల్లో ఉండేది సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. కీ బ్యాటరీ తక్కువని మీటర్ దగ్గర గుర్తు కనిపించిన రోజే మార్చేయండి.

ఇలాంటప్పుడు రెండో కీ, లేదా ముందే సెట్ చేసి పెట్టుకున్న ఫోన్ యాప్ ఆదుకుంటాయి. యాప్ పనిచేయాలంటే కారున్న చోట సిగ్నల్ ఉండాలి, కారు బ్యాటరీ దిగిపోయి ఉండకూడదు.

కీ చేతిలోనే ఉండి దాని బ్యాటరీ చచ్చిపోతే గాభరా అక్కర్లేదు. పక్కనున్న చిన్న మీట జరిపితే చాలా కీల్లోంచి లోహపు తాళం బయటికొస్తుంది. తాళం రంధ్రం కనపడకపోతే డ్రైవర్ డోర్ హ్యాండిల్ చివర ఉన్న మూత అడుగున వేలితో తడమండి, సన్నటి గాడి తగులుతుంది. తాళం మొన అక్కడ పెట్టి ఎత్తితే మూత ఊడి రంధ్రం బయటపడుతుంది. డోర్ తీయగానే అలారం మోగవచ్చు. చాలా కార్లలో కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి బటన్ నొక్కితే అలారం ఆగి ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. కీలోని చిప్‌కి బ్యాటరీ అవసరం లేదు.

ప్రశ్న: ఇంటి దగ్గరున్న రిమోట్‌ని ఫోన్‌లో వినిపిస్తే కారు తెరుచుకుంటుందట, టెన్నిస్ బంతికి చిల్లు పెట్టి తాళం రంధ్రం మీద నొక్కినా వస్తుందట. నిజమేనా?

జవాబు: రెండూ అబద్ధాలే. రిమోట్ పంపేది రేడియో తరంగం, ఎక్కువగా 315 లేదా 433 మెగాహెర్ట్జ్‌లో. ఫోన్ మోసుకెళ్లేది మన గొంతు మాత్రమే. బంతి గాలితో తిరగడానికి లాక్‌లో ఏమీ లేదు, దాన్ని తిప్పేది మోటారూ పళ్లచక్రాలూ. షూ లేసుతో ఉరి వేసి తీయడం మాత్రం నిజం, కానీ డోర్ పైకి నిక్కి తల వెడల్పుగా ఉండే పాత రకం నాబ్ ఉంటేనే.

ప్రశ్న: స్పేర్ కీ బంపర్ కింద అయస్కాంతం డబ్బాలో దాచుకోమని స్నేహితుడు అంటున్నాడు. మంచిదేనా?

జవాబు: వద్దు. గతుకుల్లో ఆ డబ్బాలు ఊడిపోతాయి, దొంగలు ముందు తడిమేదీ అక్కడే. స్మార్ట్ కీ అయితే మరీ ప్రమాదం. కీ దగ్గరే ఉంది కాబట్టి ఎవరు హ్యాండిల్ పట్టుకున్నా డోర్ తెరుచుకోవచ్చు.

మీ డోర్‌కి తాళం రంధ్రం ఉంటే, చిప్ లేని ఉత్త లోహపు తాళం ఒకటి చేయించుకుని పర్సులో పెట్టుకోండి. ఇమ్మొబిలైజర్, అంటే కీలోని చిప్‌ని గుర్తుపడితేనే ఇంజిన్‌ని స్టార్ట్ కానిచ్చే ఏర్పాటు, ఉన్న బండిలో చిప్ లేని తాళంతో డోర్ తెరుచుకుంటుంది గాని ఇంజిన్ స్టార్ట్ కాదు. లోపలున్న అసలు కీ తీసుకోవడానికి మీకు అదే చాలు. పర్సు పోయినా దొరికినవాడు బండి నడుపుకుంటూ పోలేడు.

కొత్త కారు తాళాలతో పాటు నంబరు చెక్కిన చిన్న బిళ్ల ఇస్తారు కొన్ని కంపెనీలవాళ్లు. అది పారేయకుండా, తాళాలతో కలపకుండా ఇంట్లో విడిగా దాచండి. తాళాలన్నీ పోయినా ఆ నంబరూ, బండి కాగితాలూ చూపిస్తే కొత్తది కోయించుకోవచ్చు. చేయించిన లోహపు తాళాన్ని ఆ రోజే డోర్‌లో పెట్టి రెండు వైపులా తిప్పి చూడండి. చూసేటప్పుడు డ్రైవర్ అద్దం పూర్తిగా దించి, అసలు కీ జేబులో పెట్టుకోండి.