బాల్కనీ మొక్కల ఆకుల కొసలు మాడుతుంటే ముందు నీళ్లు చూడండి

రైతు సందేహాలు – నిపుణుల సలహాలు

ప్రశ్న: మాది నెల్లూరు వేదాయపాళెంలో మూడో అంతస్తు ఫ్లాట్. పుట్టిల్లు ఆత్మకూరు దగ్గర పల్లె, వ్యవసాయ కుటుంబం. ఫ్లాట్‌కు పడమర వైపు 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బాల్కనీ ఉంది. దాన్ని పూలతో కళకళలాడేలా చేద్దామని కుండీలు పెట్టాను. బోరు నీళ్లు పోస్తున్నాను. ఆర్వో మెషిన్ నుంచి వృథాగా పోయే నీళ్లు కూడా పట్టి పోస్తున్నాను. గులాబీ ఎన్నిసార్లు తెచ్చినా ఆకుల కొసలు మాడి, రెండు నెలల్లో ఎండిపోతోంది. మల్లె ఆకులే తప్ప పూయడం లేదు. టమాటా పూత రాలిపోతోంది. కరివేపాకుకు తెల్లటి పిండిలాంటి పురుగు పట్టింది, చీమలు ఎక్కుతున్నాయి. పొలాల మధ్య పెరిగిన నాకు పది కుండీలు చేతకాలేదంటే బాధగా ఉంది. సాయంత్రం పూట కాసేపు కూర్చుందామంటే బాల్కనీ బోసిగా ఉంది. ఏం చేయమంటారు?

– ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: అమ్మా, మీరు రాసినదంతా చదివాక నాకు ముందుగా అనుమానం వచ్చింది నీళ్ల మీదే. మీ చేతిలో లోపం లేదు. పొలంలో నేల లోతుగా ఉంటుంది, వానలు పడితే ఉప్పు కిందికి దిగిపోతుంది. కుండీలో ఆ వీలు లేదు. మీరు పోసిన నీటిలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం ఆ పది లీటర్ల మట్టిలోనే ఉండిపోతుంది. రోజూ పోసేకొద్దీ అది పేరుకుంటుంది. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర కనిపిస్తోందా చూడండి. ఉంటే గులాబీ ఎందుకు ఎండిందో తెలిసిపోయినట్టే. పూలమొక్కల్లో ఉప్పును అస్సలు ఓర్చుకోలేని వాటిలో గులాబీ ఒకటి. కొసల నుంచి మొదలై ఆకు అంచుల వెంట మాడుతూ రావడం ఉప్పు దెబ్బకు గుర్తు.

వృథా కాకూడదని మీరు పట్టి పోస్తున్న ఆర్వో నీళ్లు మంచి ఆలోచనతో చేసిన పనే కానీ, కుండీలకు అవే ఎక్కువ హాని చేస్తున్నాయి. లెక్క చూడండి. నాలుగు లీటర్ల నీరు మెషిన్‌లోకి వెళ్తే ఒక లీటరు మంచినీరుగా వస్తుంది, మూడు లీటర్లు బయటకు పోతాయి అనుకుందాం. ఆ నాలుగు లీటర్లలోని ఉప్పు దాదాపు మొత్తం ఈ మూడు లీటర్లలోనే ఉంటుంది. మీ బోరు నీటి టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 1500 ఉంటే, బయటకు వచ్చే నీటిది 2000కు దగ్గరగా ఉంటుంది. సాగునీటికి పాటించే లెక్క ప్రకారం టీడీఎస్ 450 లోపు ఉంటే ఏ ఇబ్బందీ లేదు. 450 నుంచి 2000 వరకు జాగ్రత్తగా వాడుకోవాలి. 2000 దాటితే చాలా పంటలకు పనికిరాదు. ఆర్వో వృథా నీటిని ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్ కడగడానికి వాడుకోండి. మొక్కలకు వద్దు.

ఇంకో మాట మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకోండి. నీటి కఠినత్వం (సున్నపు గుణం) పోవడానికి సాఫ్ట్‌నర్ ప్లాంట్ పెట్టారా? నెలనెలా ఉప్పు బస్తాలు తెచ్చి పోస్తున్నారంటే పెట్టినట్టే. ఆ ప్లాంట్ నీటిలోని సున్నాన్ని తీసి దాని బదులు సోడియంను వదులుతుంది. సబ్బు బాగా నురగ వస్తుంది, బట్టలకు మంచిది. కుండీలోని మట్టి మాత్రం ఆ సోడియంతో బిగుసుకుపోతుంది, నీరు దిగదు, వేరుకు గాలి అందదు. అలాంటప్పుడు ప్లాంట్‌కు ముందున్న కుళాయి నుంచి పట్టుకోవాలి.

మరి ఏ నీళ్లు పోయాలి? మున్సిపల్ కుళాయి నీళ్లు వస్తే రెండు బిందెలు మొక్కలకు పక్కన పెట్టండి. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు ఉప్పు తగలకుండా ఉంటే నిక్షేపంగా పోయవచ్చు. ఏసీ నుంచి కారే నీటిలో ఉప్పు దాదాపు ఉండదు. వేసవిలో రాత్రంతా ఏసీ నడిస్తే తెల్లారేసరికి చిన్న బకెట్ నిండుతుంది. దాన్ని పూలమొక్కలకు పోయండి, తినే ఆకుకూరలకు కుళాయి నీళ్లే ఉంచండి. బోరు నీరు తప్ప దిక్కులేని రోజుల్లో అదే పోయండి కానీ, నెలకొకసారి కుండీని కడగాలి. కుండీలో ఎంత మట్టి ఉందో దానికి రెట్టింపు మంచినీళ్లు నెమ్మదిగా, ఆగి ఆగి పోయాలి. పది లీటర్ల కుండీకి ఇరవై లీటర్లు. ముందు పైన ఉన్న తెల్లపొరను గీకి పారేయండి. కింద పళ్లెంలో చేరిన నీటిని అరగంటలో తీసేయండి. వదిలేస్తే కడిగిన ఉప్పే మళ్లీ పైకి పీల్చుకుంటుంది, దోమలూ చేరతాయి. రోజూ గ్లాసుడు గ్లాసుడు చిలకరించే అలవాటు కూడా మానేయండి. మట్టిలో వేలు ఒక అంగుళం దించి, పొడిగా తగిలితేనే అడుగు నుంచి నీరు బయటకు వచ్చేదాకా పోయండి.

మట్టి మార్చే పని కూడా ఉంది. ఎర్రమట్టి ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మి కంపోస్ట్ ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు కలపండి. కుండీకి రెండు గుప్పిళ్లు వేపపిండి వేయండి. పొలం నుంచి రేగడి తెప్పించుకోవాలని మీకు అనిపించవచ్చు. పొలంలో అది బంగారమే, కుండీలో మాత్రం ఎండితే రాయి, తడిస్తే బురద. కొబ్బరి పొట్టు ఇటుకల్లోనూ చాలాసార్లు ఉప్పు ఉంటుంది. నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, ఇలా రెండు మూడు సార్లు కడిగాకే వాడండి. ఇసుక కలపాలనుకుంటే పెన్నా ఇసుక వాడండి. మైపాడు బీచ్‌కి వెళ్లినప్పుడు సంచిలో తెచ్చుకున్న ఇసుక కుండీల్లో వేయవద్దు. కోడిగుడ్డు పెంకులు వేయమని వీడియోల్లో చెబుతుంటారు. మన బోరు నీటిలో సున్నం ఇప్పటికే ఎక్కువ, మళ్లీ పెంకులు అవసరం లేదు.

లేత ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నీటి వల్ల మొక్క ఇనుమును తీసుకోలేదు. వేరుశనగకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయడం మీ పుట్టింటి వాళ్లకు తెలిసే ఉంటుంది. కుండీ మొక్కల లేత ఆకులకు అందులో సగం మోతాదు చాలు. సాయంత్రం పూట, వారం తేడాతో రెండుసార్లు చల్లండి.

ఇక బాల్కనీకి కళ తెచ్చే సంగతి. ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త వివరంగా చెబుతాను.

మొక్క కొనకముందు ఎండను లెక్కపెట్టండి. సెలవు రోజున గంటకొకసారి బాల్కనీ నేల మీద ఎండ ఎక్కడిదాకా వస్తుందో సుద్దముక్కతో గీయండి. పడమర బాల్కనీ కాబట్టి ఉదయమంతా నీడ, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి పొద్దుగూకే వరకు ఎండ ఉంటుంది. ఎదురుగా పెద్ద భవనం ఉంటే ఇంకా తగ్గుతుంది. పూలమొక్కకు కనీసం నాలుగైదు గంటల ఎండ కావాలి. ఆ ఎండ పడే చోటు రెయిలింగ్ వెంట రెండు అడుగుల పట్టీగా మాత్రమే తేలవచ్చు. అయితే పూలన్నీ అక్కడే ఉండాలి, గోడ దగ్గర ఆకు అందం ఉన్న మొక్కలు ఉండాలి. గోడకు తెలుపో లేత పసుపో రంగు వేయించండి. ముదురు రంగు గోడ వెలుగును మింగేస్తుంది, లేత రంగు గోడ లోపలి కుండీల మీదికి వెలుగును తిప్పి పంపుతుంది. బోసితనం సగం దీనితోనే పోతుంది.

మీరు బాల్కనీలో కూర్చునేది సాయంత్రం కదా. అందుకని సాయంత్రం విచ్చుకునే పూలను ఎంచుకోండి. నాచుపూలు అందరూ పెట్టమంటారు, అవి పొద్దుటి ఎండకు విప్పారి, మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటాయి. తూర్పు బాల్కనీ వాళ్లకు అవి సరే, మీకు కాదు. మీకు చంద్రకాంత పెట్టమంటాను. నాలుగు గంటలకు విచ్చుకుంటుంది, పసుపు, ఎరుపు, తెలుపు రంగుల్లో పూస్తుంది, విత్తనం వేస్తే చాలు లేస్తుంది. పెద్ద కుండీ పెట్టే చోటుంటే మూలన రాధామనోహరం తీగ పాకించండి. చీకటి పడుతుండగా తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగు, ఆ తర్వాత ఎరుపు తిరుగుతుంది. వాసన ఇల్లంతా వస్తుంది. పగటి పూట రంగు కోసం బిళ్ళగన్నేరు. వేడిని, కాస్తో కూస్తో ఉప్పదనాన్ని కూడా తట్టుకుంటుంది. కాగితపు పూల మొక్క, ఎడారి గులాబీ కూడా మీ పడమటి ఎండకు సరిపోతాయి, పైగా ఈ రెండూ నీళ్లు తక్కువైతేనే బాగా పూస్తాయి. పది రకాలు ఒక్కొక్కటి తెచ్చి పెడితే అంగడి సరుకులా ఉంటుంది. ఒకే రంగు బిళ్ళగన్నేరు పొడవాటి తొట్టిలో వరుసగా నాటి చూడండి, వీధిలోంచి కూడా కనిపిస్తుంది. నీడ వైపు మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, సింగోనియం చాలు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. మన దగ్గర ఆ రోజుల్లో పడమటి వడగాలి నేరుగా మీ బాల్కనీనే కొడుతుంది. మార్చి నుంచి జూన్ వరకు 50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండను ఆపే నీడ వల) కట్టండి. లేదా దొండ కొమ్మ ఒకటి నాటి రెయిలింగ్ మీద పాకిస్తే అదే తెరలా అడ్డుపడుతుంది, కూరా వస్తుంది. నల్ల ప్లాస్టిక్ కుండీలు ఆ ఎండలో వేర్లను ఉడికిస్తాయి. మట్టి కుండీలు వాడండి, లేకపోతే ఉన్నవాటికే బయట తెల్ల రంగు వేయండి. నేలకు నల్ల గ్రానైట్ ఉంటే, చీమకుర్తి రాయి అందమైనదే గానీ వేడిని రాత్రి దాకా పట్టి ఉంచుతుంది, కుండీల కింద చెక్క పీటలు వేయండి. తడి మట్టి బరువు ఎక్కువ. పెద్ద కుండీలు ఇంటి గోడ పక్కన, తేలికవి రెయిలింగ్ వైపు పెట్టండి.

మల్లెకు ఎండ సరిపోవాలి, కత్తిరింపు పడాలి. మీ కుండీని బాగా ఎండ పడే మూలకు జరపండి. నవంబరు చివరి నుంచి డిసెంబరు నెలాఖరు లోపు నీళ్లు తగ్గించి, మొక్కను అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేయండి. ఆ తర్వాత వర్మి కంపోస్ట్, గుప్పెడు వేపపిండి వేసి నీళ్లు పెట్టండి. కొత్త కొమ్మల చివరే మొగ్గలు వస్తాయి, మార్చి నుంచి పూలు చూస్తారు. యూరియా మాత్రం వేయకండి. ఆకు మీద ఆకు వస్తుంది, మొగ్గ రాదు.

టమాటా పూత రాలడం మీ తప్పు కాదు, కాలం తప్పు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పనిచేయదు, పూత నిలవదు. వేసవిలో ఏ మందు కొట్టినా లాభం లేదు. సెప్టెంబరులో నారు పోసి అక్టోబరులో నాటండి. పూత మీద ఉదయం పూట వేలితో చిన్నగా తట్టండి. వేసవిలో ఆ కుండీలో గోంగూర, తోటకూర, తీగ బచ్చలి వేసుకోండి. అక్టోబరు నెలాఖరున ఓ తొట్టిలో బంతి విత్తనం వేస్తే సంక్రాంతి గొబ్బెమ్మల మీదికి మీ ఇంటి పూలే వస్తాయి.

కరివేపాకు మీది తెల్లటి పురుగు పిండినల్లి. దాన్ని మోసుకొచ్చేదీ, కాపాడేదీ చీమలే. అది విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దాని శత్రువులను దగ్గరికి రానివ్వవు. కాబట్టి చీమల దారి ముందు తెగాలి. కుండీని నీళ్లు పోసిన వెడల్పు పళ్లెంలో రెండు రాళ్ల మీద నిలబెట్టండి. మూడు రోజులకోసారి ఆ నీళ్లు మార్చండి. బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి కవర్లో కట్టి పారేయండి. మిగతా వాటిని నీటి ధారతో గట్టిగా కడగండి. తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 1 మి.లీ. సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా చల్లండి. వారం తేడాతో మూడుసార్లు చేయాలి, ఒక్కసారితో పోదు. చల్లాక వారం దాకా ఆకు కోయవద్దు, కోశాక బాగా కడగండి. పచ్చటి గొంగళి పురుగు ఆకులు తింటూ కనిపిస్తే చేత్తో తీసేస్తే సరిపోతుంది. అంగట్లో దొరికే ఘాటైన పురుగుమందులు మాత్రం బాల్కనీలోకి తేకండి. మీరు పడుకునే గదికి, ఆ మొక్కకు మధ్య ఒక తలుపే ఉంది.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. కుండీల్లోని ఉప్పు కడగడానికి అంతకన్నా మంచి నీరు లేదు. వాన జల్లు పడేలా వాటిని ముందుకు జరపండి, కింది రంధ్రాలు మూసుకుపోలేదని చూసుకోండి. వాయుగుండం హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం రెయిలింగ్ మీద వేలాడేవి, పిట్టగోడ మీద పెట్టినవి అన్నీ కిందికి దించి గోడ మూలకు చేర్చండి. మూడో అంతస్తు నుంచి కుండీ జారితే కింద నడిచే మనిషి ప్రాణానికే ముప్పు. అసలు పిట్టగోడ మీద ఏ కాలంలోనూ కుండీ పెట్టవద్దు. రెయిలింగ్‌కు లోపలి వైపు తగిలించే ఇనుప స్టాండ్లు దొరుకుతాయి, అవి తీసుకోండి.

గులాబీ ఇప్పుడే మళ్లీ కొనకండి. నీళ్లు, మట్టి మార్చి, ఈ వానాకాలం గడిచాక జనవరిలో ఒక్క నాటు గులాబీ తెచ్చి, కుళాయి నీళ్లతోనే పెంచి చూడండి. కొత్త చిగురు కొసలు మాడకుండా నిలిస్తే అప్పుడు రెండోది తెచ్చుకోవచ్చు.