ఆన్‌లైన్ స్నేహితులతో కర్ణాటక సంగీతం క్విజ్: అందరూ ఆడేలా ఎలా నడపాలి?

ఆన్‌లైన్‌లో పరిచయమైన స్నేహితులతో కర్ణాటక సంగీతం క్విజ్ పెడుతున్నామని, ఎప్పుడూ ఆ ఇద్దరే గెలుస్తుంటే మిగతావాళ్ళు మైక్ ఆపేసి కూర్చుంటున్నారని రాశారు. పైగా ఎవరో పక్కన గూగుల్ తెరిచి చెప్తున్నారని మీ అనుమానం. మా గుంపు పరిస్థితి కూడా మొదట్లో అచ్చం ఇదే. ఒకావిడ వీణ నేర్పిస్తారు, ఇంకొకరు వర్ణాల దగ్గర (కృతులకి ముందు నేర్పే పాఠాలు) ఆపేసినవారు, మరొకరు సినిమా పాటలతో పోల్చుకుని రాగం గుర్తుపట్టే రకం, ఇద్దరు కేవలం శ్రోతలు. ఇన్ని రకాలవాళ్ళు ఒకే ఆట ఆడాలంటే ప్రశ్నలు మారాలి. మనుషుల్ని మార్చి లాభం లేదు.

ముందు తీసేయాల్సినవి తారీఖుల ప్రశ్నలు. త్యాగరాజస్వామి పుట్టిన సంవత్సరం ఏది, సుబ్బులక్ష్మి గారికి భారతరత్న ఎప్పుడు వచ్చింది లాంటివి. 1767, 1998 అని తెలిసినవాళ్ళు టక్కున చెప్పేస్తారు. తెలియనివాళ్ళకి బుర్ర పెట్టడానికి అందులో ఏమీ లేదు. గూగుల్‌కి కూడా ఇవే అన్నిటికంటే తేలిక. వాటి బదులు ఇలా అడగండి: "త్రిమూర్తులు (త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి) ముగ్గురి దగ్గరా సంగీతం నేర్చుకున్న వాగ్గేయకారుడు ఎవరు? ఆ ముగ్గురిలో ఒకరు ఆయనకి తండ్రే." ఇప్పుడు పేరు తెలియనివాళ్ళు కూడా ఏదో ఒక తీగ పట్టుకుని లాగుతారు. శ్యామశాస్త్రి కొడుకు సుబ్బరాయశాస్త్రి దగ్గరికి ఎవరో ఒకరు చేరుకుంటారు. రీతిగౌళలో 'జననీ నిన్నువినా' ఆయనదే అని వీణ టీచర్ గారు అందుకుంటే ఇంకో ఐదు నిమిషాలు కబుర్లు నడుస్తాయి.

మా దగ్గర బాగా పండింది కటపయాది రౌండ్. దీనికి సంగీతం రానక్కర్లేదు, తెలుగు అక్షరాలు వస్తే చాలు. 72 మేళకర్తల (మిగతా రాగాలకి తల్లిరాగాలు, మేళాలనీ అంటారు) పేర్లలో మొదటి రెండు అక్షరాలకి అంకెలు వేసి తిరగేస్తే మేళం సంఖ్య వస్తుంది. క నుంచి ఝ దాకా 1 నుంచి 9, ట నుంచి ధ దాకా మళ్ళీ 1 నుంచి 9, ప నుంచి మ దాకా 1 నుంచి 5, య నుంచి హ దాకా 1 నుంచి 8. ఞ, న రెండూ సున్నాలు. ఈ పట్టిక చాట్‌లో పెట్టేసి రాగం పేరు చెప్పండి. మాయామాళవగౌళ: మా 5, యా 1, తిరగేస్తే 15. ఖరహరప్రియ: 2, 2, అంటే 22. మేచకల్యాణి: 5, 6, అంటే 65. ఈ రౌండ్‌లో మా శ్రోతలిద్దరూ వీణ టీచర్ని ఓడించేశారు. ఆవిడ గుర్తున్న సంఖ్య కోసం వెతుక్కుంటుంటే వీళ్ళు వేళ్ళు మడిచి లెక్క కట్టేశారు.

అందరికీ చేయి తిరిగాక చక్రవాకం వేయండి. 'క్ర'లో క లెక్క పెట్టాలా, కింద ఉన్న ర వత్తు లెక్క పెట్టాలా? క తీసుకుంటే 16, అదే సరైనది. ర తీసుకుంటే 26 వస్తుంది, అది చారుకేశి. సరే, పై అక్షరమే లెక్క అని అందరూ తీర్మానించుకున్నాక రత్నాంగి వేయండి. ఇక్కడ పైనున్న త తీసుకుంటే 62 వచ్చి రిషభప్రియలో పడతారు. కింది న తీసుకుంటేనే 02, అదే రత్నాంగి. అంటే జంటాక్షరాల్లో ఏ హల్లు తీసుకోవాలో ఒకే సూత్రం లేదు, పేరుని బట్టి పోవాల్సిందే. ఆఖర్న నఠభైరవి. చాలామంది దీన్ని 'నట' అని రాస్తారు, అలా రాస్తే 10 వస్తుంది, అది నాటకప్రియ. ట కాకుండా ఠ రాస్తేనే 20. ఆ రోజు మా చాట్‌లో జరిగిన గొడవ ఇంతా అంతా కాదు!

ఇక పాట వినిపించి అడిగే ప్రశ్నలు. పల్లవి వినిపిస్తే అది ప్రశ్నే కాదు, సాహిత్యం వినగానే సగంమంది చెప్పేస్తారు. సాహిత్యం లేని ఆలాపనలోంచో స్వరకల్పనలోంచో పది సెకన్ల ముక్క కోయండి. రాగం వెంటనే పట్టలేనివాళ్ళ కోసం దాని పక్కనే చరణంలో ముద్ర (రచయిత తన గుర్తుగా పెట్టుకునే పేరు) వచ్చే వాక్యం ఒకటి వినిపించి ఇది ఎవరి కృతి అని అడగండి. గురుగుహ అంటే దీక్షితులు, శ్యామకృష్ణ అంటే శ్యామశాస్త్రి, మువ్వగోపాల అంటే క్షేత్రయ్య అని రెండు మూడు ఆటల్లో అందరికీ వంటపట్టేస్తుంది. అప్పుడు 'త్యాగరాజ యోగ వైభవం' వినిపించండి. త్యాగరాజ అన్న మాట వినపడగానే అందరూ రెండో ఆలోచన లేకుండా త్యాగరాజస్వామి అని కొట్టేస్తారు. అది ఆనందభైరవిలో దీక్షితుల కృతి. అందులో త్యాగరాజు తిరువారూరు గుడిలో కొలువైన శివుడు. పల్లవి మొత్తం వినిపిస్తే ఇంకో సంగతి కూడా దొరుకుతుంది. త్యాగరాజ యోగ వైభవం, అగరాజ యోగ వైభవం, రాజయోగ వైభవం, యోగ వైభవం, వైభవం, భవం, వం. ముందు నుంచి అక్షరాలు రాలిపోతున్నా ప్రతి ముక్కకీ అర్థం నిలబడుతుంది. దీన్నే గోపుచ్ఛ యతి అంటారు, ఆవు తోకలా పైన వెడల్పు, కింద సన్నం. నన్నడిగితే ఒక సాయంత్రానికి ఈ ఒక్క ప్రశ్న చాలు.

పాటలు వినిపించే ముందు ఒకటి చూసుకోండి. వీడియో కాల్ యాప్‌లు ఏకధాటిగా వచ్చే శబ్దాన్ని ఫ్యాన్ మోత అనుకుని నొక్కేస్తాయి. తంబుర శ్రుతి వాటికి రొదే. మైక్ ముందు స్పీకర్ పెట్టి వినిపిస్తే గమకాలన్నీ (స్వరాల ఊపులు) ముక్కలు ముక్కలుగా వినపడతాయి. సెట్టింగుల్లో నాయిస్ సప్రెషన్ ఆపేయండి, లేదా స్క్రీన్ షేర్ చేసేటప్పుడు కంప్యూటర్ సౌండ్ కూడా షేర్ చేసే ఆప్షన్ పెట్టండి. ఇంకా సుఖమైన పద్ధతి, ముక్కని ముందే గ్రూపులో ఆడియో ఫైల్‌గా పంపి అందరినీ ఒకేసారి నొక్కమనడం. బజర్ పోటీ అసలు వద్దు. నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్ళు ఎప్పుడూ వెనకే ఉంటారు, ఆ ఉక్రోషంతోనే సగంమంది మానేస్తారు. అందరూ జవాబు టైప్ చేసి పెట్టుకుని, మీరు "పంపండి" అన్నాక పంపాలి. గడువు ముప్పై సెకన్లు. వెతకడానికి అది చాలదు, ఆలోచించడానికి సరిపోతుంది. పాటని విని పేరు చెప్పే యాప్‌ల భయం ఉంటే రికార్డింగ్ మానేసి ఎవరైనా పాడగలిగినవాళ్ళతో నాలుగు స్వరాలు పాడించండి. ఆ యాప్‌లు ఎక్కువగా రికార్డింగులనే గుర్తుపడతాయి, అప్పటికప్పుడు పాడిన స్వరాలతో వాటికి చిక్కే.

వాదనలు వస్తాయి, రావాలి కూడా. మా దగ్గర పెద్ద రచ్చ నగుమోము మీద. ఆ కృతి రాగం ఆభేరి ఏ మేళానికి జన్యం, అంటే ఏ మేళంలోంచి పుట్టింది అని అడిగితే ఒకరు 22 అన్నారు, ఒకరు 20 అన్నారు. ఇప్పుడు కచేరీల్లో పాడే చతుశ్రుతి ధైవతంతో ('ద' స్వరంలో ఒక రకం) చూస్తే 22. పాత లక్షణం ప్రకారం శుద్ధ ధైవతంతో (ఇంకో రకం) చూస్తే 20. ఇద్దరికీ మార్కులు ఇవ్వాల్సిందే. మేళాల పేర్లకీ ఇదే తలనొప్పి: 28 అంటే హరికాంభోజి అనే అందరం చెప్తాం, కానీ దీక్షితుల సంప్రదాయంలో అది హరికేదారగౌళ. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగులో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఈ రెండో పేర్లే ఉంటాయి. కాబట్టి ప్రశ్నలోనే "ఇప్పుడు పాడుతున్న తీరు ప్రకారం" అని ఒక ముక్క తగిలించండి. వాదన ఎలాగూ ఆగదు, కనీసం మార్కుల గొడవ ఉండదు.

ఎప్పుడూ ఆ ఇద్దరే గెలుస్తున్నారన్నారు కదా, దానికి మందు చాలా తేలిక. గెలిచినవాళ్ళు తర్వాతి ఆటలో ప్రశ్నలు తయారు చేయాలి, ఆడకూడదు. వాళ్ళకీ అది శిక్షలా ఉండదు. మా వీణ టీచర్ గారైతే ఇప్పుడు ఆడటం కంటే ప్రశ్నలు కూర్చడానికే ఎక్కువ ఉబలాటపడుతున్నారు. మొన్న ఆవిడ దీక్షితుల నొట్టుస్వరం (పాశ్చాత్య బాణీకి రాసిన చిన్న పాట) ఒకటి, 'సంతతం పాహిమాం', వాయించి ఈ వరుస ఎక్కడిదో చెప్పమన్నారు. రాగాలు తెలిసినవాళ్ళందరూ శంకరాభరణం అని ఆగిపోయారు. మాలో పియానో నేర్చుకునే కుర్రాడు ఒకడు ఈమధ్యే చేరాడు, కర్ణాటక సంగీతం ఒక్క ముక్క రాదు. వాడొక్కడే బ్రిటిష్ జాతీయగీతం అని పంపాడు.