కోటా నిండినంక కూడా గాలం వెయ్యొచ్చా?

ప్రశ్న: తమ్మీ నమస్తే. నేను రిటైర్డ్ టీచర్ని, ఉండేది హనుమకొండ. మొన్న ఎండకాలం కొడుకు దగ్గరికి డాలస్ పోయినం. ఒకనాడు పొద్దుగాల్నే వాడు, వాని దోస్తు కలిసి నన్ను చెరువుకి తీస్కపోయిండ్రు. అక్కడ బాస్ అనే చేపలు రోజుకి మనిషికి ఐదేనట. చిన్నప్పటి సంది ధర్మసాగర్ కట్ట మీద గాలం వేసిన చెయ్యి కదా, నాకు పది కొట్టక ముందే ఐదు పడ్డయి. ఇగ మావోడు "బాపూ చాలు, గాలం తియ్యి, ఫైన్ పడ్తది" అని ఒకటే లొల్లి. దోస్తేమో "ఏం కాదంకుల్, పట్టుకుంట వదిలేసుకుంట ఉండుండ్రి" అంటడు. ఎవరిది కరెక్టు? దసరా అయినంక మళ్ల పోతున్నం.
– పేరు రాయొద్దన్నరు, హనుమకొండ

జవాబు: అన్నా, టెక్సస్ వరకైతే ఆ దోస్తు చెప్పిందే కరెక్టు. కాకపోతే మీవోడు భయపడుడు కూడా ఊరికే ఏం కాదు.

అక్కడ లార్జ్‌మౌత్ బాస్, దాని జాతివి అన్నీ కలిపి మామూలుగా రోజుకి 5, అండ్ల లార్జ్‌మౌత్ అయితే కనీసం 14 అంగుళాలు ఉండాలె, కొన్ని చెరువులకి ఈ కొలతలు వేరే ఉంటయి కాబట్టి పోయే ముందు చెరువు పేరు కొట్టి చూసుకోవాలె. ఈ 5 మీరు ఉంచుకునే వాటి లెక్క. ఆరోది పడంగనే అట్లనే నీళ్లలకి వదిలేస్తే లెక్కలకి రాదు, బకెట్ల ఐదుండి గాలం నీళ్లల ఉందని గేమ్ వార్డెన్, అంటే చేపలు, జంతువుల కానూను చూసే ఆఫీసరు, ఫైన్ రాయడు. పైంగ ఒక్కో రకానికి ఒక్కో కోటా. బాస్ అయిపోతే క్యాట్‌ఫిష్ కోసం కూసోవచ్చు, అది పెద్ద చెరువులల్ల మామూలుగా 25 దాక ఉంటది, ఊళ్లె పార్కుల పక్కన ఉండే చిన్న చెరువులల్ల మాత్రం 5 తోనే బంద్.

మరి చిక్కు ఎక్కడ వస్తదంటే, ఐదు పట్టినంక ఆరోది ఈ అంత పొడుగుది పడ్తది సూడు, అప్పుడు! బకెట్ల ఉన్న చిన్నదాన్ని మెల్లగ నీళ్లలకి జార్చి పెద్దదాన్ని ఏసుకుందామని చెయ్యి గుంజుతది, గాలం పట్టినోళ్లు ఎవరైనా ఒప్పుకుంటరు. మిన్నెసోటా రాష్ట్రంల అయితే కోటా నిండిందంటే ఈ మార్పిడి ఎక్కడిదక్కడ బంద్. కొన్నిచోట్ల పడవల నీళ్ల ట్యాంకుల బతికున్న చేపని మార్చుకోనిస్తరు గానీ, మూతికి గొలుసు గుచ్చి గంటసేపు ఎండల ఉంచిన చేపని వదిలితే అది బతకదు, వదిలినట్టు కూడా కాదు. తినే చేపని ఉత్తపున్నానికి పాడు చేసుడు టెక్సస్‌ల నేరమే. ఇంకోటి, ఐదిట్ల రెండు అక్కడే ఒడ్డున కాల్చుకొని తిన్నం, ఇంక రెండు పట్టుకుందాం అంటే నడవదు, కడుపులకి పోయినా ఆ రోజు లెక్కల ఉన్నట్టే.

ఇగ నన్నడిగితే అసలు కథ కానూను కాదు, చేప బతుకుతదా లేదా అనేది. మనకి కొర్రమట్టతోని అలవాటు. కొర్రమట్ట గాలి పీల్చుకునే చేప, తడి గోనెసంచిల ఏసి బస్సుల తెచ్చినా ఇంటికొచ్చి ఎగుర్తది. బాస్ అట్ల కాదు. ఎండకు నీళ్లు వేడెక్కితే అండ్ల ఆక్సిజన్ తగ్గుతది, అట్లాంటి నీళ్లల కొట్లాడి అలసిపోయిన చేపని బయట పట్టుకొని ఫోటోలు దిగుడు అంటే దాని పాణం తీసుడే. ఎర్ర (వానపాము) గుచ్చి ఏస్తే గాలం గొంతుల దాక మింగుతది, ప్లాస్టిక్ ఎరలకైతే ఎక్కువ మూతికే తగుల్తది. మింగితే గుంజొద్దన్నా, దారం మూతి దగ్గర కత్తిరించి వదిలేసుడే నయం, గుంజితే మొప్పలు చినిగి నెత్తురు కారుతది. చెయ్యి తడి చేసుకొని పట్టాలె, పొడి చేత్తోని పడితే ఒంటి మీది జిగురు పోతది, ఆ జిగురే దానికి రోగాలు రాకుండ కాపాడేది.

అందుకే నా సలహా ఏందంటే, నాలుగు కాడ ఆపుండ్రి. ఐదో జాగ ఖాళీ పెట్టి మీ సరదా తీరేదాక పట్టుకుంట వదులుకుంట ఉండుండ్రి. మధ్యల ఏదన్న 14 అంగుళాలది గాలం మింగి నెత్తురు కారుతుంటే దాన్ని ఐదోది కింద ఉంచుకోవచ్చు. అదే ఐదు నిండినంక అట్ల జరిగితే, అది కండ్ల ముందట సచ్చిపోతున్నా నీళ్లలనే వెయ్యాలె, ఇంటికి తెచ్చుకుంటే అప్పుడు పడ్తది మీవోడు చెప్పిన ఫైన్. పొట్టిది అయితే జాగ ఉన్నా వదలాల్సిందే. ఎర్రలు పక్కన పెట్టి వేరే ఎరతోని ఆడితే ఇంకా మంచిది. ఐర్లాండ్‌ల సాల్మన్‌కి అట్లనే రూల్ పెట్టిండ్రు, మీ కోటా అయిపోయినా పట్టి వదలొచ్చు, కానీ ఎర్ర వాడొద్దు, గాలానికి ఎదురు ముల్లు ఉండొద్దు.

అన్నట్టు, లైసెన్సు తీస్కున్నరా? ఉత్తరంల ఆ ముచ్చటే లేదు. 17 ఏండ్లు నిండినోళ్లకి అక్కడ లైసెన్సు కావాలె, చుట్టపుచూపుగ పోయినా సరే. స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీదికెల్లి పడితే మాత్రం అక్కర్లేదు, పార్కు టికెట్టు ఉంటే చాలు. ముందు మీవోన్ని ఇదడగుండ్రి, ఆరో చేప సంగతి తర్వాత చూసుకుందురు.

ప్రశ్న: అన్నా, మాది పరకాల దిక్కు పల్లె. మా చెరువుల గాలం వేస్తే సంఘం వాళ్లు వచ్చి కర్ర గుంజుకున్నరు. అమెరికాల లెక్క మన దగ్గర కూడా రోజుకి ఇన్ని అని ఏమన్న ఉందా? నేను పట్టింది రెండే రవ్వలు.

జవాబు: తమ్ముడూ, మన చెరువుల కాడ లెక్క అట్ల నడవదు. రెండా ఇరవయ్యా అని కాదు, పట్టే హక్కు ఎవరికుంది అనేదే ముచ్చట. ఊరి చెరువుల చేపలు పట్టుకునే హక్కు మామూలుగా అక్కడి మత్స్య సహకార సంఘానిది, ముదిరాజులో గంగపుత్రులో సభ్యులుగ ఉంటరు. నువ్వు పట్టిన రవ్వ నిలువ నీళ్లల గుడ్లు పెట్టి పిల్లలు చేసే జాతి కాదు, బొచ్చె కూడా అంతే, వాటికి పారే వరద నీళ్లు కావాలె. అంటే అండ్ల ఉన్న రవ్వ ఎవలో పిల్లప్పుడు తెచ్చి పోసిందే అయ్యుంటది. 2016 సంది సర్కారు ఉచితంగ పిల్లలు పోస్తున్నా, వాటిని కాపలా కాసేది సంఘమే. దొంగ వలలకు భయపడి రాత్రి కట్ట మీద పండుకునేటోళ్లకి నీ గాలం కండ్లల్ల పడితే కోపం రాదా? అట్లని కర్ర గుంజుకునుడు మర్యాదనే అని నేను అంటలేను. అధ్యక్షుని దగ్గరికి పోయి ఒక మాట అడుగు, పండుగ పూట గాలాలకు ఒప్పుకునే ఊర్లు చాన ఉన్నయి, పైసలు కట్టమంటే కట్టు. మత్తడి పోసేటప్పుడు మాత్రం ఎదురెక్కే చేపల మీద పడకు, అవి గుడ్ల మీద ఉంటయి.

ప్రశ్న: పాకాలకు పిక్నిక్ పోతున్నం, గాలాలు తీస్కపోవచ్చా?

జవాబు: వద్దు. పాకాల చెరువు అభయారణ్యంల ఉంది, అటవీ శాఖ పర్మిషన్ లేకుండ అక్కడ గాలం వేస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు మీదికొస్తది. పైంగ అండ్ల మొసళ్లున్నయి.