స్పోర్ట్స్ ఎకనమిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ఒంగోలులో ఎంఏ ఎకనమిక్స్ చదువుతున్నాను, క్రికెట్ పిచ్చి ఉంది, ఆటల ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేస్తే బతుకుతెరువు ఉంటుందా అని అడిగారు. ఉంటుంది, కాకపోతే ఆ పేరుతో ఉండదు. స్పోర్ట్స్ ఎకనమిక్స్ లెక్చరర్ కావాలని మన వైపు నోటిఫికేషన్ రావడం నేనైతే చూడలేదు. పోస్టులు ఎకనమిక్స్‌కో, కామర్స్‌కో, మేనేజ్‌మెంట్‌కో పడతాయి. నెల్లూరులో నేను చెప్పే పాఠాలు మైక్రో ఎకనమిక్స్, స్టాటిస్టిక్స్. ఆటల మీద పని సెలవుల్లోనే. అందుకని ముందు లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ కొట్టండి. అందులోనే మంచి ర్యాంకుతో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పరిశోధన చేస్తున్నప్పుడు నెలకు 37,000 ఫెలోషిప్. "ఇంకెన్నాళ్లు చదువుతావురా" అనే టెన్షన్ ఇంట్లో సగం తగ్గుతుంది.

ఇక టాపిక్. అందరూ ఐపీఎల్ అంటారు. 2023-27 ప్రసార హక్కులు 48,390 కోట్లకు పోయాయని పేపర్లో వస్తుంది. మ్యాచ్‌వారీగా ఏ ధరకు ఎన్ని టికెట్లు అమ్మారో మాత్రం ఫ్రాంచైజీలు మీలాంటి విద్యార్థి చేతిలో పెట్టవు. లెక్కలు లేని థీసిస్ ఉత్త వ్యాసరచన.

నేను మన ఎడ్ల బండలాగుడు పోటీలు పట్టుకున్నాను. 1956లో ఆర్థికవేత్త సైమన్ రాటెన్‌బర్గ్ అమెరికా బేస్‌బాల్ మీద రాసిన వ్యాసంతో ఆటల ఆర్థికశాస్త్రం మొదలైందంటారు. ఎవరు గెలుస్తారో ముందే తెలిస్తే జనం రారన్న వాదన దాన్నుంచే పెరిగింది. మన పోటీలో రెండు జతలు ఎదురెదురు తలపడవు. ఒక్కో జత విడిగా దిగుతుంది, నిర్ణీత సమయంలో బండను ఎంత దూరం లాగిందో కొలుస్తారు. టంగుటూరు వైపు తిరునాళ్లలో నేను మాట్లాడినవాళ్లలో చాలామందికి ఎవరు గెలుస్తారన్న ఉత్కంఠతో పనే లేదు. పేరున్న జత ఎప్పుడు దిగుతుందో కనుక్కుని వస్తారు, అది లాగేశాక లేచి వెళ్లిపోతారు.

యజమానుల లెక్క ఇంకా తమాషా. ఏడాది పొడుగునా ఉలవలు పెట్టి మేపే ఖర్చుకు బహుమతి డబ్బు ఏ మూలకూ చాలదు. గెలిచిన జతకు మంచి ధర పలికినా కొందరు అమ్మరు. బ్రిటన్ ఫుట్‌బాల్ క్లబ్బులు లాభం కంటే గెలుపు కోసం, పేరు కోసం నడుస్తాయని 1971లో ఆర్థికవేత్త పీటర్ స్లోన్ రాశారు. అది చదువుతుంటే నాకు మన రైతులే కనిపించారు.

సర్వేలో "సంతృప్తి ఒకటి నుంచి ఐదు వరకు ఎంత" అని అడగొద్దు. మొహమాటానికి అందరూ ఐదే అంటారు. ఎవరితో వచ్చారు, సోడాకి, టిఫినుకి ఎంత పెట్టారు, ఎప్పుడు వెళ్లారు, ఇవి అడగండి. లెక్కలకు ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితం.

మీ ఎంఏ ప్రాజెక్టు ఇంకా మొదలుపెట్టకపోతే సంక్రాంతి పోటీల దగ్గర నిర్వాహకులను కలవండి. జతలవారీగా లాగిన దూరాలు నోటు పుస్తకంలో రాసుకుంటారు. పాత పుస్తకాలు కూడా ఉన్నాయేమో అడిగి చూడండి.