సమాధానం: గణితం ఎమ్మెస్సీతో క్రిప్టోగ్రఫీలో పీహెచ్‌డీ

ఎమ్మెస్సీ గణితం చదివి, ప్రోగ్రామింగ్ అంతంతమాత్రంగా వచ్చిన తమకు క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చి కాపాడే శాస్త్రం) పరిశోధన సాధ్యమేనా, అందుకోసం హైదరాబాద్ విడిచి వెళ్లాలా అని అడిగారు. నిస్సంకోచంగా ప్రయత్నించండి. క్వాంటమ్ కంప్యూటర్లకు సైతం లొంగదనుకున్న ‘సైక్’ అనే, రహస్య కీని పంచుకునే పద్ధతిని, దాని కనిష్ఠ భద్రతా స్థాయిలో, 2022లో ఇద్దరు పరిశోధకులు ఒకే ప్రాసెసర్ కోర్‌తో సుమారు గంటలో ఛేదించారు. అందుకు ఆధారమైన 1997 నాటి ఎర్న్‌స్ట్ కని సిద్ధాంతం శుద్ధ గణితానికి చెందినది. కనుక బీజగణితాన్ని వదలకండి. ప్రోగ్రామింగ్‌కు మొదట్లో సేజ్ అనే గణిత సాఫ్ట్‌వేర్ చాలు.

2024లో అమెరికా ప్రమాణంగా వెలువడిన ఎమ్‌ఎల్-కెమ్ కూడా అలాంటి కీ పద్ధతే; అది లాటిస్‌లపై (క్రమబద్ధంగా పరచుకున్న బిందువుల అమరికలపై) ఆధారపడింది. దాని రుచి తెలియాలంటే మాడ్యులో 17లో (అంటే 17తో భాగించగా మిగిలే శేషాలతో) రెండు అజ్ఞాత రాశులతో నాలుగు సమీకరణాలు రాసి, ప్రతి జవాబుకూ ఒకటి కలిపి గాని తీసివేసి గాని, తిరిగి సాధించి చూడండి.

గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఈ రంగానికి పరిశోధన కేంద్రమే ఉంది. గైడ్‌కు రాసే ముందు ఐఏసీఆర్ ఈప్రింట్‌లో (క్రిప్టోగ్రఫీ పరిశోధన పత్రాల ఆన్‌లైన్ భాండాగారంలో) ఉచితంగా దొరికే వారి పత్రం చదివి, ఒక నిరూపణపై నిర్దిష్టమైన ప్రశ్న అడగండి. ఉత్త బయోడేటాకు (మన దగ్గర అదే ఎక్కువ) జవాబు రావడం అరుదు.