అటక మీది కత్తి

అమ్మాయీ,

కోరంగి మడ అడవికి మ్యూజియం కావాలని నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటి పేజీకే విసుగొచ్చింది. అంతా అమెరికా. 1905లో అక్కడ ఫారెస్ట్ సర్వీస్ పెట్టారు, దాని చరిత్రకు మిజౌలాలో మ్యూజియం పెట్టుకున్నారు. సరే, అది వాళ్ల సంగతి. రెండో పేజీ నిండా ప్రకృతి మాత. ఇక నాలుగో పేజీలో, అదీ బ్రాకెట్లో, మీ నాయనమ్మ గార్డు కంటపడకుండా పడవ అడుగున దాచిన కత్తి ఇంకా మీ అటక మీదే ఉందన్నావు. అంత మాటని బ్రాకెట్లో పెట్టడానికి చేతులెలా వచ్చాయమ్మా నీకు?

వస్తువుతో మొదలుపెట్టు, అభిప్రాయం తర్వాత. నా చాదస్తం అనుకో. ధవళేశ్వరం వెళ్తే ఆనకట్టకి కాటన్ మ్యూజియం ఉంది. మడ అడవి సంగతి చెప్పడానికి ఏం చూపిస్తాం? 1978లో అభయారణ్యం అయిందని ఒక్క ముక్క రాసి దాటేశావు, ఆ రోజుతో జనం వంటచెరకు మానేసినట్టు, గేదెలు మడాకు మేయడం మానేసినట్టు. కొట్టేసిన చోట నేల కుంగింది. పోటుకి ఎక్కిన నీళ్లు వెనక్కి పోలేక అక్కడే ఎండి ఉప్పు పేరుకుంది. ఇక మొక్క ఎక్కడ నిలుస్తుంది? అందుకే తర్వాత చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. నడుమ పెద్దది, దాన్నుంచి ఏటవాలుగా పిల్లకాలువలు. పోటుకి నీళ్లు లోపలికొచ్చి, పాటుకి ఉప్పుని కడుక్కుంటూ పోయేవి. అప్పుడు గానీ మడ మళ్లీ లేవలేదు. ఆ పనికి ఊళ్లవాళ్లే దిగారు. కత్తి పట్టిన మీ నాయనమ్మ ఆ పార కూడా పట్టిందేమో, అడిగావా? కొట్టినవాళ్లంతా దొంగలు, కాపాడినవాళ్లంతా ఆఫీసర్లు అని రాయడం ఇప్పుడో ఫ్యాషన్. కత్తీ పారా పక్కపక్కన లేని మ్యూజియానికి నేను రాను.

నాకూ ఇది ఊరికే తెలియలేదు. కుర్రతనంలో తాళ్లరేవు వైపు నావలో తిరిగొచ్చి, మడ మీద వెన్నెల గురించి పన్నెండు పేజీలు రాశాను. నావ నడిపినాయనకి చదివి వినిపిస్తే, "బాగుందండి, మరి తిల్లపాలేవండి?" అన్నాడు. తిల్ల చెట్టు కొడుతుంటే పాలు చింది కళ్లలో పడి, వారం రోజులు గుడ్డివాడిలా మంచాన కూర్చున్నాట్ట. అదంతా కలిపి ఒక వారపత్రికకి పంపాను. ఎడిటరుగారు వెన్నెల ఉంచి తిల్లపాలు కొట్టేశారు. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది గానీ నా కోపం ఇంకా పోలేదు.

పోటీకి పంపాలా, పుస్తకం వేయాలా అన్నావు. అవి తర్వాత చూద్దాం. ఆదివారం అటకెక్కి కత్తి దింపు. పిడి ఏ కర్రో, ఏ కొలిమిలో కొట్టించారో నాయనమ్మని అడిగి రాసుకో. ఫోన్ రికార్డర్ మాత్రం ముందు పెట్టకు, ఆవిడ గొంతు మారిపోతుంది. తుప్పు గీకకు.